సెకనుకు పదకొండు సార్లు

పోయిన నెల శాంతినగర్‌లో ఒక చిన్న కచేరీకి వెళ్లాను. మేడ మీద గది, నేల మీద చాపలు, గోడవారగా పది కుర్చీలు. మొత్తం నలభై మంది ఉంటారేమో. ముగ్గురు వాయించారు. ఒకరు లాప్‌టాప్ మీద, ఒకరు మాడ్యులర్ సింథ్ (విడివిడి డబ్బాలను తీగలతో కలుపుకునే ఎలక్ట్రానిక్ వాద్యం) మీద, మూడో ఆవిడ రెండు క్యాసెట్ ప్లేయర్లూ ఒక మిక్సరూ పెట్టుకుని. పోస్టర్ మీద ‘ఎక్స్‌పెరిమెంటల్ ఎలక్ట్రానిక్’ అని వేశారు. బయట వాన, లోపల చీకటి. ఇలాంటి సాయంత్రాలంటే నాకు ప్రాణం. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో ఎం.జి. రోడ్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి తడుస్తూ ఆటో పట్టుకుని వెళ్లాను.

పది నిమిషాలు గడిచాక ఒక సంగతి గమనించాను. తర్వాత ఏం వస్తుందో నాకు ముందే తెలిసిపోతోంది. ఇప్పుడు కింది నుంచి లోతైన మోత ఒకటి మొదలవుతుంది అనుకున్నాను, మొదలైంది. ఇక దాని మీద చిటపటలు పడతాయి అనుకున్నాను, పడ్డాయి. ఎవరిదో గొంతు తీసుకుని పిండిలా చేసి గదంతా చల్లుతారు అనుకున్నాను, చల్లారు. ఫోన్‌లో నోట్స్ తెరిచి నా ఊహలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఏడింటిలో ఆరు నిజమయ్యాయి. ఏడోది తప్పడానికి కారణం, మూడో ఆవిడ క్యాసెట్‌లో టేపు ఇరుక్కుపోవడం. ఆవిడ మూత తెరిచి, టేపును చిటికెనవేలితో లాగి, చక్రం చుట్టి సరిచేసింది. ఆ అరనిమిషం గదిలో అందరూ ముందుకు వంగారు. నేనూ వంగాను.

మెట్లు దిగుతుంటే ఒక అబ్బాయి నాతో మాట కలిపాడు. తిరుపతి నుంచి వచ్చి ఇక్కడ డిజైన్ చదువుతున్నాడట. “అక్కా, ఇందులో కొత్తేముంది? నేను పుట్టకముందు వచ్చిన రికార్డుల్లో కూడా ఇవే ఉన్నాయి కదా. పేరేమో ప్రయోగం” అన్నాడు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నాకు జవాబు తోచలేదు. వాన తగ్గిందని చెప్పి వచ్చేశాను. నెల రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ పోస్టు ఆ తమ్ముడికే రాస్తున్నాను.

నేను 2003లో ఇంజనీరింగ్ చదవడానికి హిందూపురం నుంచి బెంగళూరు వచ్చాను. బసవనగుడిలో హాస్టల్. పక్క గదిలో ఉండే సీనియర్ అక్క ఒకరోజు ఒక సీడీ ఇచ్చింది. కంప్యూటర్‌లో కాపీ చేసిన సీడీ, పైన మార్కర్‌తో ‘ఓవల్’ అని రాసి ఉంది, అంతే. ప్లేయర్‌లో పెట్టగానే టక్ టక్ టక్ అని ఒకేచోట తగులుకుంటోంది. గీతలు పడ్డాయేమో అని బయటికి తీసి, చున్నీతో తుడిచి, మళ్లీ పెట్టాను. అదే చోట అదే టక్ టక్. మూడోసారికి అర్థమైంది, ఆ తగులుకోవడమే పాట అని. ఓవల్ అనేది జర్మన్ బృందం. 1990లలో మార్కస్ పాప్, ఆయన మిత్రులు సీడీల అడుగున స్కెచ్ పెన్నులతో గీతలు గీసి, ప్లేయర్ తడబడేలా చేసి, ఆ తడబాటును రికార్డు చేసుకుని దానితో సంగీతం కట్టారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఇది చెడిపోయిందో, బాగుందో చెప్పలేకపోతున్నాను. అమ్మ దగ్గర పన్నెండేళ్లు పాట నేర్చుకున్న దాన్ని, తప్పేదో ఒప్పేదో నిద్రలో కూడా చెప్పగలననుకునేదాన్ని, నా చెవి నాకు జవాబు చెప్పడం మానేసింది. తెల్లవారుజాము మూడింటిదాకా అదే సీడీ విన్నాను.

ఇప్పుడు ఆ తడబాటు ఒక ప్లగిన్‌గా, అంటే సంగీత సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముగా, దొరుకుతుంది. నా దగ్గరా ఉంది. ఎన్నిసార్లు తగులుకోవాలి, ఎంతసేపు తగులుకోవాలి, ఏ తాళంలో తగులుకోవాలి అన్నీ నాబ్ తిప్పి చెప్పుకోవచ్చు. వినేవాళ్లకు కూడా అది తడబాటని తెలుసు, దానికో పేరుందని తెలుసు. చున్నీతో తుడవాలని ఎవరికీ అనిపించదు. టేపు గరగర, పాత రేడియో చప్పుడు, స్పీకర్ పగిలినట్టుండే మోత, ఒకప్పుడు ఒక్కొక్కటీ ఒక్కొక్క దుమారం. ఇప్పుడు అవన్నీ కూరలో పోపులాంటివి.

అందుకే తమ్ముడూ, నీ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ 2011లోనే దీని మీద ఒక పుస్తకమంత వాదన చేశారు, మన కాలపు పాప్ సంగీతం తన గతాన్నే నెమరువేస్తోందని. ఇంకా ఒక అడుగు ముందుకెళ్లి చెబుతాను. కొత్త శబ్దాలు అయిపోయాయి. నా ఉద్యోగం చిప్ కంపెనీలో ఆడియో టెస్టింగ్, కాబట్టి ఇది నాకు రోజూ కళ్లముందు కనిపించే విషయం. సీడీలో ఒక సెకను శబ్దమంటే ఒక్కో చానెల్‌కు 44,100 అంకెలు. మనిషి చెవికి వినపడే ఏ శబ్దాన్నైనా ఆ అంకెల వరసగా రాయవచ్చు. ఎవరూ వినని శబ్దం కావాలంటే ఏవో అంకెలు వేస్తే చాలు, వస్తుంది. అందులో గొప్పేం లేదు. ఎవరూ తొక్కని నేల కోసం వెతుకుతున్నామనుకుంటే, ఆ నేలంతా కొలిచి హద్దురాళ్లు పాతేసి చాలాకాలమైంది.

కానీ ప్రయోగమంటే ముందు నుంచీ కొత్త శబ్దమని కాదు. 1950లలో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ దానికి చెప్పిన అర్థం చాలా సూటిగా ఉంటుంది. ఫలితం ముందుగా తెలియని పని ప్రయోగం. అంతే. ఆ లెక్కన శాంతినగర్ గదిలో ఆ రోజు జరిగిన ప్రయోగం అరనిమిషమే, టేపు ఇరుక్కున్నప్పుడు.

కేజ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1940లలో న్యూయార్క్‌లో ఆయనకు మన సంగీతం గురించి పాఠాలు చెప్పింది గీతా సారాభాయ్, అహ్మదాబాద్ ఆవిడ, పఖవాజ్ వాయించేవారు. ఆయన ఆవిడకు పాశ్చాత్య సంగీతం చెప్పారు, ఆవిడ ఆయనకు మనది చెప్పారు. తర్వాత 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక మూగ్ సింథసైజర్, టేపు యంత్రాలతో స్టూడియో పెట్టారు. అమర్చడానికి వచ్చింది కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా, వీళ్లంతా అక్కడ పనిచేశారు. కొన్నేళ్లకే అది ఆగిపోయింది. టేపులు అక్కడి ఆర్కైవ్‌లో ఉండిపోయాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వాటిని వెతికి బయటికి తీస్తే, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. నేను మొదటిసారి విన్నప్పుడు ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఏడ్చాను. సంగీతం గొప్పదని కాదు, కొన్ని ముక్కలు తడుముకుంటున్నట్టే ఉంటాయి. మా అమ్మ హిందూపురంలో గౌరీ కల్యాణం పాటలు నేర్చుకుంటున్న రోజుల్లో, ఈ దేశంలోనే ఒక ఆవిడ ఆ యంత్రం ముందు కూర్చుని ఏమవుతుందో చూద్దామనుకుంది. ఆ సంగతి మాకెవరికీ చేరలేదు. హాస్టల్‌లో మేమంతా ఇది జర్మనీ వాళ్ల, ఇంగ్లండ్ వాళ్ల వ్యవహారమనే అనుకున్నాం.

చరణ్‌జీత్ సింగ్ కథ అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఆయన 1982లో రోలాండ్ కంపెనీ 303 బేస్ యంత్రం, 808 డ్రమ్ యంత్రాలతో పది రాగాలు డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్లకు షికాగోలో అదే 303తో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది. 2010లో ఆయన రికార్డు మళ్లీ విడుదలైతే ప్రపంచం ముక్కున వేలేసుకుంది. 303ను అసలు గిటార్ సాధన చేసుకునేవాళ్లకు తోడు బేస్ వాయించే డబ్బాగా తయారుచేశారు. అందులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ అనే సదుపాయం ఉంది. షికాగో కుర్రాళ్లకు ఆ జారుడు ఒక మత్తు. రాగం తెలిసిన సింగ్‌కు అది జారు గమకం. ఒకే యంత్రం, చెవులు వేరు. ఈ సంగతి మనసులో పెట్టుకో, మళ్లీ వస్తాను.

నా మనసు దోచిన కథ ఇంకొకటి. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు కంప్యూటర్‌లో వైబ్రాటో మీద పనిచేస్తున్నాడు. వైబ్రాటో అంటే స్వరాన్ని సన్నగా వణికించడం. దాని వేగం పెంచుతూ, ఊపు వెడల్పు చేస్తూ పోయాడు. ఒక హద్దు దాటాక వణుకు వినపడటం మానేసింది. దాని బదులు ఒక కొత్త నాదం వినపడింది, గంటలా, ఇత్తడిలా. ఊగుతున్న స్వరం కాదిప్పుడు, వేరే వాద్యం. ఆ కనుగోలును యమహా తీసుకుంది, 1983లో డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. 1980ల సినిమా పాటల్లో వినపడే ఆ గాజు గంటల్లాంటి కీబోర్డు నాదం అక్కణ్ణుంచి వచ్చిందే.

కాలేజీలో ఇది క్లాసులో విన్నప్పుడు మొదట గుర్తొచ్చింది తోడి. సంగీతం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తోడి రాగంలో గాంధారం, అంటే సరిగమల్లో ‘గ’, ఒకచోట నిలబడదు. కింద రిషభం వైపూ పైన మధ్యమం వైపూ ఊగుతూనే ఉంటుంది. కదలకుండా నిలబెట్టి పాడితే అది తోడి కాదు, అమ్మ చేతి మొట్టికాయ పడుతుంది. అంటే ఆ స్వరం ఒక చోటు కాదు, ఒక కదలిక. చౌనింగ్ వణుకును వేగంగా తీసుకెళ్లి నాదంగా మార్చాడు. మరి ఊగడమే తన ప్రాణమైన గాంధారాన్ని అలా వేగం పెంచుతూ పోతే ఏమవుతుంది? ఎక్కడిదాకా అది తోడిగా ఉంటుంది? ఎక్కడ తోడి పోయి ఉత్త గంట మిగులుతుంది? ఆ మధ్యలో, రాగమూ కాని నాదమూ కాని చోట, ఏముంటుంది?

ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నాతో ఉంది. ఉద్యోగం, పెళ్లి, పాప పుట్టడం, ఈఎంఐలు, వీటి మధ్య అది పక్కకు పోయింది. రెండేళ్ల కిందట మళ్లీ తీశాను. రాత్రి పాప నిద్రపోయాక వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ప్యూర్ డేటాలో. అది మిల్లర్ పకెట్ 1996లో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. తెర మీద డబ్బాలు పెట్టి గీతలతో కలుపుకుంటూ పోవడమే. దాన్ని తీసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామూలు కీబోర్డు లోకమంతా మిడి మీద నడుస్తుంది. 1983లో వచ్చిన ఆ పద్ధతిలో స్వరమంటే 0 నుంచి 127 దాకా ఉన్న అంకెల్లో ఒకటి. మెట్లు. మెట్టుకూ మెట్టుకూ మధ్య తిరగాలంటే పిచ్ బెండ్ అనే చక్రం ఉంది, కానీ అది ఆ చానెల్‌లో మోగే స్వరాలన్నింటినీ ఒకేసారి వంచుతుంది. గాంధారం చోటు కాదు కదలిక అని నమ్మే మనిషికి ఆ ఇల్లు ఇరుకు. ఇది మనొక్కళ్ల కష్టం కాదు. ఇరాక్ సంతతి సంగీతకారుడు ఖయ్యామ్ అల్లామీ 2021లో లైమ్మా, అపోటోమి అని రెండు ఉపకరణాలు విడుదల చేశారు, బ్రౌజర్‌లోనే పనిచేస్తాయి, ఎవరి స్వరస్థానాలు వాళ్లు పెట్టుకునే వీలుతో. మకామ్‌తో, అంటే అరబ్బుల రాగపద్ధతితో, పెరిగిన చెవి అడిగిన ప్రశ్న అది. బెర్లిన్‌లో పుట్టి పెరిగిన చెవికి అది తట్టకపోవచ్చు.

నా మొదటి రూపం తొమ్మిది నిమిషాలు. ఒకే ఒక్క స్వరం సెకనుకు నాలుగుసార్లు ఊగడంతో మొదలై, మెల్లగా వేగం పెరిగి, ఊపు వెడల్పై, చివరికి సెకనుకు నూట ఇరవై. శ్రుతి వేయలేదు. కావాలనే వేయలేదు. మన రంగంలో డ్రోన్, అంటే ఆగకుండా మోగే ఒకే నాదం, అరిగిపోయింది, ఎవరికి ఏమీ తోచకపోయినా కింద ఒక మోత పెట్టేస్తారు, నేను అలా చేయకూడదనుకున్నాను.

దాన్ని ఒక ఫెస్టివల్‌కు పంపాను. పేరు చెప్పను. వాళ్లు మర్యాదగానే జవాబు రాశారు. బాగుంది, కానీ కాస్త తంబుర, కాస్త తబలా వేస్తే ఇండియన్ ఫ్లేవర్ వస్తుంది, ఆలోచించండి అని. రెండు రోజులు ఆ మెయిల్ మళ్లీ మళ్లీ చదివాను. తొమ్మిది నిమిషాలూ తోడి గాంధారమే. అంతకంటే ఇక్కడిది ఏముంటుంది? కానీ వాళ్లకు అది వినపడలేదు, వాళ్లకు కావలసింది గుర్తుపట్టగల ఒక శబ్దం. ఈ రంగం పదును పోయిందంటే అది ఇక్కడే పోయింది అనిపించింది. ఎన్నుకునేవాళ్లు కూడా ఏం రాబోతోందో ముందే తెలియాలనుకుంటున్నారు.

డబ్బు సంగతి కూడా ఉందిలే. చిన్న వేదికలు నిలబడవు. ఇందిరానగర్‌లో హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడినప్పుడు ఆ వారం మేమంతా దిగులుగా తిరిగాం. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క, ఏడాదికి వెయ్యిసార్లు వినకపోతే 2024 నుంచి పాటకు పైసా రాదు. తొమ్మిది నిమిషాల గాంధారానికి అక్కడ చోటుండదు. దాని గురించి ఇంతకంటే చెప్పాలని లేదు, ఎందుకంటే అహ్మదాబాద్ స్టూడియోలో ఆ టేపులు చేసినవాళ్లను కూడా వినేవాళ్లెవరూ లేరు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మకు వినిపించాను. అమ్మకు డెబ్బై ఒకటి. ఇప్పటికీ ముందుగదిలో పొద్దునా సాయంత్రమూ పిల్లలకు పాఠం చెబుతుంది. నా రాత్రి పనులేవీ ఎప్పుడూ వినలేదు, నేనూ వినిపించలేదు. చిన్న స్పీకర్లు రెండు పెట్టి మొదలుపెట్టాను. నిమిషం కూడా కాలేదు, చెయ్యి ఎత్తింది.

“శ్రుతి ఏదీ?”

“వేయలేదమ్మా. అది లేకుండా చేద్దామని.”

“షడ్జం లేకుండా గాంధారం ఎట్లా అవుతుంది పాపా? దేనికి గాంధారం అది? గాలిలో ఏదో ఊగుతోంది, అంతే.”

లేచి వెళ్లి తన శ్రుతిపెట్టె తెచ్చింది. ఆ పెట్టె గురించి చెప్పాలి. బెంగళూరులో హెచ్ఏఎల్‌లో ఇంజనీరుగా పనిచేసిన, వేణువు వాయించే జి. రాజనారాయణ్ 1970లలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తయారుచేశారు. రాడెల్ అనే కంపెనీగా అది పెరిగింది. తర్వాత అలాంటివి ఎన్నో కంపెనీలు చేశాయి. అమ్మది ఎవరిదో తెలియదు, స్టిక్కర్ ఊడిపోయి ఏళ్లయింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో పొద్దున్నే మోగే మొదటి శబ్దం అదే. ఆలోచిస్తే, మా ఇంట్లో రోజూ సింథసైజర్ మోగేది, అమ్మ పది నిమిషాలు దాన్ని సరిచేసుకునేది. రెండు నాదాలు దాదాపు ఒకటే అయి కాస్త తేడా ఉంటే మధ్యలో అల లేస్తుంది. 196, 197 అనుకో, సెకనుకు ఒక అల. అమ్మ చిన్న మర తిప్పుతూ ఆ అల నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయేదాకా ఆగేది. ఫ్రాన్స్‌లో ఎలియాన్ రదీగ్ అనే ఆవిడ ఏఆర్‌పీ 2500 సింథ్ ముందు కూర్చుని ఇలాంటి అలలతోనే దశాబ్దాలు పనిచేశారు. తర్వాత ఆవిడ సింథ్ వదిలేసి, వాద్యకారులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం లేకుండా నోటిమాటగా తన సంగీతం నేర్పడం మొదలుపెట్టారు. అది చదివినప్పుడు మా ముందుగది గుర్తొచ్చింది.

సెల్స్ తగ్గితే ఆ పెట్టె శ్రుతి కిందికి జారుతుంది. నా ఫోన్‌లో ట్యూనర్ చూపించకముందే అమ్మ ముఖంలో కనిపిస్తుంది. ఒకసారి మరీ జారుతుంటే ఎస్.పి. రోడ్డులో తిరిగి తిరిగి ఒక కెపాసిటర్ కొనుక్కెళ్లి నేనే అతికాను. ఇప్పుడు ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటే, ఈ పెట్టె నా మాట వింటుంది అంటుంది.

ఐదో శ్రుతి పెట్టి, ఇప్పుడు వెయ్యి అంది. వేశాను. అరిగిపోయిందని నేను తీసేసిన మోత వచ్చి చేరగానే అంతా మారిపోయింది. ఊగేది ఊగుతున్నట్టు, నిలిచేది నిలిచినట్టు తెలిసింది. కానీ రెండు నిమిషాల్లో మళ్లీ చెయ్యి ఎత్తింది.

“ఇది గాంధారం కాదు, ఊయల. రెండు పక్కలా సమానంగా పోతోంది. గాంధారం అట్లా ఊగదు. ఒకచోట ఆగుతుంది, ఒకచోట తాకీతాకనట్టు వస్తుంది. ఉండు, పాడతాను.”

పాడింది. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఆ రాత్రి అమ్మ గొంతు ఎత్తుపల్లాలను గీతగా గీయించి చూస్తే, నేను వాడిన నున్నటి అలకు దాంతో పోలికే లేదు. ఆ గీతనే నా ప్యాచ్‌లోకి, అంటే ప్యూర్ డేటాలో నేను కట్టుకున్న అల్లికలోకి, తీసుకున్నాను. ఇరవై ఏళ్లుగా ప్రశ్న మోస్తున్నదాన్ని, పన్నెండేళ్లు నేర్చుకున్నదాన్ని, యంత్రం ముందు కూర్చోగానే యంత్రానికి సులువైన ఆకారాన్నే తీసుకున్నాను. నాకే తెలియలేదు.

మర్నాడు పాఠాలయ్యాక మళ్లీ వేశాను. అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. తోడి పోయిందనిపించిన చోట వేలు ఎత్తమన్నాను. సెకనుకు ఆరు, ఏడు, ఎనిమిది. అమ్మ తల ఊగుతోంది. తొమ్మిది, పది. పదకొండు దగ్గర వేలు లేచింది. “ఇక్కడ పోయింది” అంది, ఎవరో గదిలోంచి వెళ్లిపోయినట్టు. ఆ పైన గరగర, ముప్పై దాటాక ఒక బొంగురు నాదం, వంద దాకా వెళ్లేసరికి దూరంగా గుడిగంట లాంటిది. మళ్లీ వేశాను. మళ్లీ పదకొండే. అప్పుడు తిరగేసి వేశాను, గంట దగ్గర మొదలై వేగం తగ్గుతూ. తోడి వచ్చిందనిపించినప్పుడు వేలు ఎత్తమన్నాను. పదకొండు దగ్గర ఎత్తుతుందనుకున్నాను. పదకొండు దాటింది, తొమ్మిది దాటింది, ఎత్తలేదు. ఏడు దగ్గర ఎత్తింది.

పోయేటప్పుడు పదకొండు, వచ్చేటప్పుడు ఏడు. ఆ రెండింటి మధ్య అదే శబ్దం, అదే అంకెలు, అదే స్పీకర్. వెళ్తుంటే తోడి, వస్తుంటే కాదు. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బసవనగుడి హాస్టల్లో చున్నీతో సీడీ తుడిచిన రాత్రి తర్వాత నాకు అలా అవడం అదే మొదటిసారి.

ఇందులో కొత్త శబ్దమేదీ లేదు తమ్ముడూ. చౌనింగ్ 1967లో విన్నవే. పాటలు అల్లే ఏఐ ఇప్పుడు ఎలాంటి శబ్దాన్నైనా క్షణాల్లో ఇస్తుంది, కానీ అది అప్పటికే ఉన్నవాటి పోలికలతో పేర్చి ఇస్తుంది. ఏడుకూ పదకొండుకూ మధ్య అమ్మ చెవిలో ఏం జరిగిందో దానికి తెలియదు, నాకూ తెలియదు, అమ్మకూ తెలియదు. ఇప్పుడు నేను చేస్తున్న రచనంతా ఆ మధ్యలోనే ఉంటుంది. గంట దాకా వెళ్లడం మానేశాను. పదకొండు దాకా ఎక్కి, ఏడు దాకా దిగి, ఒక్కోసారి ఎనిమిదిన్నర దగ్గర చాలాసేపు ఆగి. శ్రుతిపెట్టె మోగుతూ ఉంటుంది. ఎవరికి ఎక్కడ తోడి వినపడుతుందో నేను చెప్పలేను, ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి వేర్వేరు చోట్ల వినపడొచ్చు.

నన్ను నేను పరీక్షించుకోలేకపోతున్నాను, తెర మీద అంకె కనపడగానే చెవి దాని మాటే వింటోంది. అమ్మ దగ్గర వర్ణాలు నేర్చుకుంటున్న అమ్మాయి, తొమ్మిదో తరగతి, తొమ్మిది దగ్గర వేలు ఎత్తింది. వచ్చేటప్పుడు ఎనిమిది. అంటే నేర్చుకున్నకొద్దీ ఆ మధ్య జాగా పెరుగుతుందా? ఇద్దరితో ఏమీ తేలదు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ఆరుగురు పిల్లలు, పక్కింటి నాదస్వరం తాతగారు, సంగీతం అసలు రాని మా బాబాయి. అంకెలు కనపడకుండా లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పుతాను. శ్రుతిపెట్టెకు కొత్త సెల్స్ తేకపోతే మొదలుపెట్టనివ్వనని అమ్మ ముందే చెప్పింది. నీకు వీలైతే యలహంకలో ఎక్కు తమ్ముడూ, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం చేరేసరికి టిఫిన్ వేళ అవుతుంది. నీ వేలు ఎక్కడ లేస్తుందో చూద్దాం.